మోటారు సైకిలు తాళపు స్విచ్చి: దోషమును గుర్తించుట, సరిచేయుట

నేటి గ్రామ జీవనములో మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. నాగలి వలె, బిందె వలె అదియు ఇంటి పనిముట్లలో ఒకటి అయినది. తెల్లవారుజామున పాలక్యానులను పాలకేంద్రమునకు చేర్చునది అదియే. కూరగాయల మూటను సంతకు మోయునది, ఎరువుల బస్తాను పొలమునకు తెచ్చునది, జ్వరముతోనున్న బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవునది అదియే. 1955లో మద్రాసులో బుల్లెట్టు బండ్ల తయారీకి పూనుకొన్న కాలమున ఈ వాహనము సైన్యమునకు, పోలీసులకు, కలిగినవారికి మాత్రమే పరిచితము. 1985లో తక్కువ పెట్రోలుతో నడచు నూరు సీసీల నాలుగు స్ట్రోకుల బండ్లు మన దేశమున తయారగుట మొదలైన పిమ్మట అది క్రమముగా పల్లెలకు చేరినది.

ఇంతటి ఉపయోగము గల వాహనము ఒక్కొక్కప్పుడు వ్రేలెడు తీగ మూలమున, రాగి పలక మీది చిటికెడు చిలుము మూలమున కదలక నిలిచిపోవును. అట్టి దోషములలో తరచుగా కనిపించునది తాళపు స్విచ్చి దోషము. దీనిని మెకానిక్కులు ఇగ్నిషన్ స్విచ్చి అనియు, కీ సెట్టు అనియు పిలుతురు. ఈ దోషమును క్రమముగా వెదకినచో దొరకును. తొందరపడి తీగలు కోసి కలిపినచో ప్రమాదమగును. ఈ పాఠమున చెప్పదలచిన ముఖ్య విషయము ఇదియే.

ఒక అనుభవము

కొన్ని సంవత్సరముల క్రితము వానకాలములో ఒక గ్రామసభ ముగిసిన పిమ్మట జరిగిన సంగతి ఇది. ఒక వార్డు సభ్యుడు తాళము త్రిప్పగా ఆయన బండిలో ఏ దీపమును వెలుగలేదు, హారను మ్రోగలేదు. చుట్టును నలుగురు చేరిరి. వారిలో ఒక యువకుడు, “స్విచ్చి పోయింది మామా, డైరెక్టు చేసేస్తాను. అయిదు నిమిషాల పని,” అనెను. “అట్లాగే కానియ్యి అబ్బాయి, పొద్దుపోయింది,” అని ఆ సభ్యుడు సమ్మతించెను.

యువకుడు స్విచ్చి నుండి వచ్చు తీగలను కోసి రెండింటిని మెలిపెట్టి టేపు చుట్టెను. ఆ పనిలో తీగ చట్రమునకు తగిలి ఫ్యూజు మాడిపోగా, ఆ స్థానమున ఒక రాగి తీగను చుట్టెను. బండి కదలినది. అందరును అతని చాతుర్యమును మెచ్చుకొనిరి.

ఇరువది దినములు గడచినవి. హ్యాండిలు త్రిప్పినప్పుడెల్ల ఆ అతుకు చట్రమునకు రాసుకొని టేపు ఊడినది. సంత దారిలో తీగ చట్రమునకు తగిలి ఎఱ్ఱగా కాగినది. ఫ్యూజు ఉండవలసిన చోట రాగి తీగ ఉండుటచే విద్యుత్తు ఆగలేదు. పెట్రోలు ట్యాంకు క్రింద నుండి పొగ లేచినది. దారిన పోవువారు ఇసుక చల్లి మంట ఆర్పిరి గాని అప్పటికే ఆయన కుడి చేయి కాలినది. తీగల కట్ట యావత్తు కరగిపోయినది. తరువాత పట్టణములోని మెకానిక్కు విప్పి చూడగా తేలిన విషయమేమనగా, స్విచ్చి అసలు చెడిపోలేదు. వాననీరు దిగి, తీగల జోడింపులో ఒక రాగి పుల్లకు చిలుము పట్టినది. దానిని గీకి శుభ్రము చేసియుండిన ఆ సాయంకాలమే పని ముగిసియుండెడిది.

ఆ యువకుని ఉద్దేశము మంచిదే. అతనికి లేనిది శ్రద్ధ కాదు, పరీక్షించు విధానము. ఆ విధానమునే ఇచ్చట వివరించుచున్నాము.

స్విచ్చి నిర్మాణము

తాళపు స్విచ్చిలో రెండు భాగములు కలవు. పైభాగము లోహపు తాళము. చెవి సరియైనదైనచో మాత్రమే అది తిరుగును; అనేక బండ్లలో హ్యాండిలును బిగించు తాళము కూడ ఇందులోనే ఉండును. క్రింది భాగము ప్లాస్టికు పళ్లెము వంటిది. దానిలో చిన్న రాగి పలకలు, వానిని నొక్కిపట్టు స్ప్రింగులు ఉండును. చెవి త్రిప్పినప్పుడు ఈ పలకలు జరిగి కొన్ని తీగలను కలుపును, కొన్నింటిని విడదీయును. స్విచ్చి నుండి బయలుదేరు తీగలు కొంత దూరము పోయి ఒక ప్లాస్టికు జోడింపు ద్వారా బండి తీగల కట్టతో కలియును. ఈ జోడింపును మెకానిక్కులు కప్లరు అందురు.

సాధారణముగా ఈ స్విచ్చికి నాలుగు తీగలు ముఖ్యమైనవి. మొదటిది బ్యాటరీ నుండి ఫ్యూజు ద్వారా వచ్చునది. రెండవది దీపములకు, హారనుకు విద్యుత్తును కొనిపోవునది. మూడవది ఇంజనును ఆపుటకు ఉద్దేశింపబడినది. నాలుగవది ఎర్తు, అనగా బండి చట్రముతో కలిసినది. హోండా సంప్రదాయము ననుసరించు బండ్లలో ఇవి వరుసగా ఎరుపు, నలుపు, తెల్లగీత గల నలుపు, ఆకుపచ్చ రంగులలో ఉండును. ఇతర కంపెనీల బండ్లలో రంగులు వేరు కావచ్చును. కావున రంగును మాత్రమే నమ్మక పరీక్షించి నిర్ణయింపవలెను.

ఇంకొక విషయము గమనింపదగినది. సెల్ఫు మోటారును త్రిప్పు భారీ విద్యుత్తు ఈ స్విచ్చి గుండా పోదు. అది బ్యాటరీ నుండి రిలే ద్వారా నేరుగా మోటారునకు పోవును. కావున సెల్ఫు బొత్తాము నొక్కగా టక్కుమను శబ్దము మాత్రమే వచ్చి మోటారు తిరుగనిచో, ముందుగా అనుమానింపవలసినది బ్యాటరీనే గాని తాళపు స్విచ్చిని కాదు.

రెండు విధములైన బండ్లు

పరీక్షకు పూనుకొనక ముందు మన బండి ఏ విధమైనదో తెలిసికొనవలెను.

కార్బురేటరు గల పాత బండ్లలో అనేకము బ్యాటరీతో నిమిత్తము లేకయే ప్లగ్గు వద్ద నిప్పురవ్వను పుట్టించును. ఇంజను తిరిగినప్పుడు మాగ్నెటోలో పుట్టిన విద్యుత్తే అందుకు చాలును. ఇట్టి బండ్లలో చెవిని మూసినప్పుడు స్విచ్చి మూడవ తీగను ఎర్తుతో కలిపి ఆ విద్యుత్తును నేలపాలు చేయును, ఇంజను ఆగును. చెవి తెరచినప్పుడు ఆ రెండును విడిపోవును, ఇంజను నడచును. అనగా ఇచ్చట తీగలు విడిపోయిననే ఇంజనుకు ప్రాణము. ఈ బండ్లలో మూడవ తీగ తెగినచో చెవి తీసినను ఇంజను ఆగదు. ఆ తీగ ఎక్కడనైనను చట్రమునకు తగిలినచో ఎంత కిక్కు కొట్టినను నిప్పురవ్వ రాదు.

రెండవ విధమైన బండ్లలో ఇంజను నడచుటకు బ్యాటరీ విద్యుత్తు స్విచ్చి ద్వారా అందవలెను. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 ప్రమాణములు అమలులోనికి వచ్చిన పిమ్మట తయారైన మోటారు సైకిళ్లు దాదాపుగా ఈ తరగతికే చెందును. వీనిలో పెట్రోలును పంపు ఒకటి పంపును. ఒక చిన్న కంప్యూటరు దానిని నియంత్రించును. ఇచ్చట తీగలు కలిసిననే ఇంజనుకు ప్రాణము. చెవి త్రిప్పగానే రెండు మూడు సెకండ్లు జుయ్యిమను పంపు శబ్దము వినిపించినచో స్విచ్చి ద్వారా విద్యుత్తు పోవుచున్నదని గ్రహింపవచ్చును.

దోషములు కలుగుటకు కారణములు

మొదటి కారణము నీరు. తాళపు రంధ్రము ఆకాశము వైపు చూచుచుండును. వానలో ఆరుబయట నిలిపిన బండిలోనికి, పంపు నీటితో జోరుగా కడిగిన బండిలోనికి నీరు దిగి రాగి పలకలకు చిలుము పట్టించును.

రెండవది బరువు. కొందరు ఇంటి తాళములు, బీరువా తాళములు, మోటారు గది తాళములు అన్నియు ఒకే గుత్తిగా బండి చెవికి తగిలింతురు. గతుకుల దారిలో ఆ గుత్తి ఊగుచు తాళము లోపలి భాగములను అరగదీయును. కొంత కాలమునకు చెవి వదులై, కుదుపు తగిలినప్పుడెల్ల విద్యుత్తు తెగుచుండును.

మూడవది హ్యాండిలు కదలిక. దినమునకు వందల సార్లు హ్యాండిలు త్రిప్పుదుము. స్విచ్చి తీగలు మెడ వద్ద వంగుచు, నిటారగుచు, చివరకు పై తొడుగు చెక్కుచెదరకయే లోపలి రాగి తెగును. కంటికి తీగ బాగుగనే కనిపించును. విద్యుత్తు మాత్రము పోదు.

నాలుగవది మనము చేయు అపకారము. తాళము బిగుసుకొన్నదని ఇంజను నూనె పోయుదురు. ఆ నూనె దుమ్మును పట్టుకొని జిగట ముద్దగా మారును. క్రిందికి జారి రాగి పలకల మీద పొరగా ఏర్పడును.

రాగి పలకల మీద ఏర్పడు చిలుము స్వల్పమే కదా అని అనుకొనరాదు. హారను, బ్రేకు దీపము, సూచిక దీపములు ఒకేసారి పనిచేయునప్పుడు సుమారు 6 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించును. చిలుము మూలమున పావు ఓము నిరోధము ఏర్పడినచో ఆ చోటనే ఒకటిన్నర వోల్టులు నష్టమగును. 9 వాట్ల వేడి పుట్టును. గోరంత లేని చోట ఆ వేడి పుట్టుటచే ప్లాస్టికు మెత్తబడును, స్ప్రింగు సడలును, నిరోధము మరింత పెరుగును. నిర్లక్ష్యము చేసిన కొలది దోషము దానంతట అదియే పెరుగుట ఇందువలననే.

లక్షణములను బట్టి గుర్తించుట

వైద్యుడు నాడి చూచి రోగమును ఊహించునట్లు బండి లక్షణములను బట్టి దోషస్థానమును ఊహింపవచ్చును.

చెవి త్రిప్పగా ఏ దీపమును వెలుగనిచో బ్యాటరీ, ఫ్యూజు, ప్రధాన తీగ, స్విచ్చి అను నాలుగింటిలో ఒకటి కారణము.

చెవిని కొంచెము కదలించినప్పుడు దీపములు వెలుగుచు ఆరుచు నుండినచో స్విచ్చి లోపలి పలకలు అరిగినవి.

చెవిని తాకకయే, హ్యాండిలును ప్రక్కకు త్రిప్పినప్పుడు విద్యుత్తు తెగినచో స్విచ్చి కాదు, మెడ వద్ద తీగ తెగినది.

వాన వెలిసి ఎండ కాసిన పిమ్మట బండి తనంతట తాను బాగుపడినచో స్విచ్చిలోనో కప్లరులోనో తేమ చేరినది.

దీపములు, హారను చక్కగా పనిచేయుచు ఇంజను మాత్రము కదలనిచో ముందుగా స్విచ్చిని విప్పవలదు. హ్యాండిలు మీద ఇంజనును ఆపు ఎఱ్ఱ బొత్తాము మూసియున్నదేమో, ప్రక్క స్టాండు దించియున్నదేమో, పెట్రోలు ఉన్నదో లేదో చూడవలెను. బండ్లను మెకానిక్కు వద్దకు త్రోసికొనిపోయి ఎఱ్ఱ బొత్తామును తెరపించుకొని సిగ్గుపడి వచ్చినవారు ప్రతి గ్రామమున ఒకరిద్దరుందురు.

క్రమమైన పరీక్ష

పరీక్షకు గొప్ప పరికరములు అక్కరలేదు. 12 వోల్టుల చిన్న బల్బు నొకదానిని తీసికొని దానికి రెండు మూరెడు తీగలు అతికినచో పరీక్షాదీపము సిద్ధమగును. మల్టీమీటరు ఉన్నచో మరియు మంచిది.

మొదటి మెట్టు బ్యాటరీ. దాని కొనలు వదులుగా నున్నవేమో, తెల్లని పొడి పట్టినదేమో చూడవలెను. ఇంజను ఆపియున్న స్థితిలో నిండుగా చార్జి అయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు గాని కొంచెము హెచ్చుగా గాని చూపును. 12 వోల్టులకు దిగినచో బ్యాటరీకి చార్జి కావలెను. స్విచ్చిని నిందించి ప్రయోజనము లేదు.

రెండవ మెట్టు ఫ్యూజు. అది మాడినచో అదే ఆంపియర్ల ఫ్యూజును వేయవలెను. అదియు వెంటనే మాడినచో ఎక్కడనో తీగ చట్రమునకు తగులుచున్నదని అర్థము. ఆ చోటు కనుగొనువరకు మరియొక ఫ్యూజు వేయరాదు.

మూడవ మెట్టు స్విచ్చికి వచ్చు తీగ. కప్లరును విడదీయకయే పరీక్షాదీపము యొక్క ఒక కొనను రంగు లేని ఇంజను బోల్టుకు తగిలించి, రెండవ కొనను కప్లరు వెనుక వైపున బ్యాటరీ నుండి వచ్చు తీగ పుల్లకు తాకింపవలెను. దీపము వెలిగినచో విద్యుత్తు స్విచ్చి వరకు వచ్చుచున్నది. వెలుగనిచో దోషము స్విచ్చికి ముందే కలదు.

నాలుగవ మెట్టు స్విచ్చి నుండి పోవు తీగ. చెవిని తెరచి, రెండవ కొనను ఇప్పుడు నల్లని తీగ పుల్లకు తాకింపవలెను. దీపము అదే కాంతితో వెలిగినచో స్విచ్చి మంచిది. మందముగా వెలిగినచో చిలుము పట్టినది. అసలు వెలుగనిచో స్విచ్చిలో గాని, స్విచ్చికిని కప్లరుకును నడుమ నున్న తీగలో గాని దోషము కలదు. ఈ పరీక్షను హ్యాండిలు నేరుగా ఉంచి ఒకసారి, ఎడమకు త్రిప్పి ఒకసారి, కుడికి త్రిప్పి ఒకసారి చేయవలెను. మల్టీమీటరు గలవారు దీపములు వెలుగుచుండగా ఈ రెండు తీగల నడుమ వోల్టులను కొలువవలెను. అర వోల్టునకు మించిన నష్టము కనిపించినచో స్విచ్చిని శుభ్రము చేయుటయో మార్చుటయో అవసరము.

అయిదవ మెట్టు కార్బురేటరు గల పాత బండ్లకు మాత్రమే. నిప్పురవ్వ రానిచో స్విచ్చి కప్లరును విడదీసి కిక్కు కొట్టి చూడవలెను. అప్పుడు ప్లగ్గు వద్ద నిప్పురవ్వ కనిపించినచో దోషము స్విచ్చిలోనో దాని తీగలోనో ఉన్నట్లు తేలును. ప్లగ్గును చేతితో పట్టుకొనరాదు. అచ్చట వేలకొలది వోల్టులు పుట్టును. ప్లగ్గు లోహభాగమును ఇంజనుకు ఆనించి, పెట్రోలు వాసన లేని చోట మాత్రమే ఈ పరీక్ష చేయవలెను. కప్లరు ఊడియున్నప్పుడు ఇంజను కదలినచో చెవితో ఆగదు. అట్టి సందర్భమున పై గేరు వేసి, బ్రేకు గట్టిగా పట్టి, క్లచ్చిని నెమ్మదిగా విడిచినచో ఆగును.

కంప్యూటరు గల కొత్త బండ్లలో పరీక్షాదీపమును స్విచ్చి తీగలకు మాత్రమే తాకింపవలెను. కంప్యూటరునకు పోవు సన్నని తీగలకు తాకించినచో అది చెడిపోవు ప్రమాదము కలదు.

మరమ్మతు చేయు విధము

దోషస్థానము తెలిసిన పిమ్మటనే పనిముట్లు పట్టవలెను. ముందుగా బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను. ఈ ఒక్క జాగ్రత్త వలన పానా జారి చట్రమునకు తగిలినను ప్రమాదము కలుగదు.

కప్లరును లాగునప్పుడు తీగలను పట్టి లాగక ప్లాస్టికు భాగమునే పట్టి లాగవలెను. పుల్లల మీద పచ్చని చిలుము కనిపించినచో మెకానిక్కులు వాడు కాంటాక్టు క్లీనరు చల్లి, పాత పండ్ల బ్రష్షుతో రుద్దవలెను. గట్టి చిలుమును సన్నని ఎమరీ కాగితముతో తేలికగా తీయవలెను. సడలిన పుల్లలను నెమ్మదిగా నొక్కి బిగువు చేయవలెను. పూర్తిగా ఆరిన పిమ్మట పలుచగా వాసలీను పూసినచో తేమ చేరదు. శుభ్రము చేయుటకు పెట్రోలు వాడరాదు. ఒక్క నిప్పురవ్వ చాలును.

ఇంతటితో సరిపడనిచో స్విచ్చి క్రింది పళ్లెమును చూడవలెను. కొన్ని బండ్లలో అది రెండు మూడు స్క్రూలతో ఊడును, కొన్నింటిలో ఊడదు. ఊడు పక్షమున క్రింద తెల్లని గుడ్డ పరచుకొని విప్పవలెను. స్ప్రింగులు, చిన్న గుండ్లు ఎగిరిపడును. ఏది ఎక్కడ ఉండెనో ముందుగా సెల్‌ఫోనులో ఫోటో తీసికొనుట మంచి పద్ధతి. పలకలను శుభ్రము చేసి, అవి కాలి గుంటలు పడినచో గాని, ప్లాస్టికు కరగినచో గాని క్రొత్త స్విచ్చి వేయవలెను. ఇచ్చట పొదుపు పనికిరాదు.

తీగ తెగినచో మెలిపెట్టి టేపు చుట్టుట తాత్కాలికమే. రెండు కొనలను టంకము పెట్టి అతికి, వేడికి ముడుచుకొను తొడుగు వేయవలెను. అతుకు మెడ వద్ద వంగు చోట ఉండరాదు. హ్యాండిలు రెండు ప్రక్కలకు తిరుగునప్పుడు లాగుకొనకుండ తీగను కొంత వదులుగా విడువవలెను.

చివరకు బ్యాటరీ తీగ బిగించి, చెవి యొక్క ప్రతి స్థానమును పరీక్షింపవలెను. తెరచినప్పుడు దీపములు వెలుగవలెను. మూసినప్పుడు ఇంజను ఆగవలెను. హ్యాండిలు తాళము పడవలెను. ఈ మూడును సరిగా జరిగిననే పని ముగిసినట్లు.

చెవి అరిగినచో తాళమును మార్చవలసి వచ్చును. ముందుగా ఇంటిలో దాచిన రెండవ చెవితో ప్రయత్నింపవలెను. అది సులభముగా తిరిగినచో అరిగినది చెవియే గాని తాళము కాదు. చెవిలో ఎలక్ట్రానికు చిప్పు గల వాహనములను, విద్యుత్ స్కూటర్లను ఇంటిలో విప్పరాదు. వానిని తయారీదారుని సేవా కేంద్రమునకే అప్పగింపవలెను.

డైరెక్టు చేయుట ఏల కూడదు

దారి మధ్యమున చిక్కుకొన్నప్పుడు డైరెక్టు చేయుట తప్పని పని అని కొందరు వాదింతురు. దాని ఫలితములను విచారింపవలెను. తాళము లేని బండిని ఎవ్వరైనను కొనిపోవచ్చును. దొంగతనము జరిగినప్పుడు బీమా సంస్థలు తాళపు చెవులను అడుగుట సాధారణము; తాళమే తీసివేసిన బండి యజమాని ఏమని చెప్పగలడు? విద్యుత్తు రాత్రింబగళ్లు ప్రవహించి బ్యాటరీ ఎండిపోవును. ప్రమాద సమయమున ఇంజనును వెంటనే ఆపుట కష్టమగును. బండి పడినప్పుడు పెట్రోలు కారుచుండగా విద్యుత్తు ఆగకపోవుటకు మించిన అపాయము వేరొకటి లేదు.

ఇక ఫ్యూజు స్థానమున రాగి తీగ చుట్టుట అన్నింటికంటె హెచ్చు తప్పు. ఫ్యూజు తాను మాడి బండిని రక్షించును. దానిని తొలగించుట చెరువునకు కలుజు లేకుండ కట్ట కట్టుట వంటిది. సామాన్య దినములలో తేడా తెలియదు. వరద వచ్చిననాడు కట్టయే పోవును. చిన్న ఫ్యూజు రెండింటిని సీటు క్రింద ఉంచుకొన్నచో ఈ దుస్థితి ఎన్నడును రాదు.

ముందు జాగ్రత్తలు

బండి చెవిని ఒంటిగా ఉంచుకొనవలెను. వానలో నిలుపునప్పుడు తాళము మీద గుడ్డ గాని ప్లాస్టికు సంచి గాని కప్పవలెను. కడుగునప్పుడు నీటి ధారను తాళము మీదికి, దీపము వెనుకకు పోనీయరాదు. తాళము బిగుసుకొన్నచో నూనెకు బదులు కొంచెము గ్రాఫైటు పొడి వేయవలెను. వానకాలము మొదలగుటకు ముందు ఒకసారి, ముగిసిన పిమ్మట ఒకసారి కప్లరును విప్పి చూచుట మంచిది. ఇవి ఖర్చు లేని పనులు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

మోటారు సైకిలు మరమ్మతు వ్యక్తుల స్వంత విషయము కదా, పంచాయతీకి ఏమి సంబంధమని కొందరడుగవచ్చును. 1992లో ఆమోదము పొందిన 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య అందులో ఒకటి. మరమ్మతు తెలిసిన యువకుడు ఊరిలో ఉండుట ఊరి ఉమ్మడి సంపద.

ప్రతి ఊరిలోను స్వయముగా చూచి నేర్చుకొని బండ్లు విప్పుచున్న యువకులు కలరు. పైన చెప్పిన యువకుడు అట్టివాడే. వారిని నిరుత్సాహపరచుట తగదు. శిక్షణకు పంపుట తగును. బ్యాంకులు నడుపుచున్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో ద్విచక్ర వాహనముల మరమ్మతు నేర్పుదురు. శిక్షణకు రుసుము లేదు. పారిశ్రామిక శిక్షణ సంస్థలలోను వాహనముల మరమ్మతునకు చెందిన తరగతులు కలవు. సభ్యులు తమ వార్డులోని నిరుద్యోగ యువతీ యువకుల పేర్లు సేకరించి, సమీపమున నున్న సంస్థ వివరములు తెలిసికొని, గ్రామసభలో ప్రకటింపవలెను. ఈ పని స్త్రీలకు తగదని తలచుట పొరపాటు. పొదుపు సంఘముల సభ్యురాండ్రు అనేకులు నేడు స్కూటర్లు నడుపుచున్నారు. వారికి ఫ్యూజు మార్చుట, కప్లరు శుభ్రము చేయుట తెలిసియుండుట మేలు.

ఇంకొక చిన్న ఏర్పాటును చేయవచ్చును. పంచాయతీ కార్యాలయమున ఒక పెట్టెలో పరీక్షాదీపము, మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు, కొన్ని ఫ్యూజులు, ఎమరీ కాగితము, ఇసుక బక్కెట్టు ఉంచినచో అత్యవసర సమయమున అవి ఊరివారికెల్ల ఉపయోగించును. వానకాలము ముందు ఒక ఆదివారము అనుభవము గల మెకానిక్కును పిలిపించి, రచ్చబండ వద్ద ఒక బండిని నలుగురి యెదుట పరీక్షింపజేసినచో ఇచ్చట వ్రాసినదంతయు గంటలో కన్నులకు కట్టును.

చేయి కాలిన ఆ వార్డు సభ్యుడు కోలుకొనిన పిమ్మట మొదట చేసిన పని ఆ యువకుని పిలిచి శిక్షణకు పంపుటయే. “తప్పు వాడొక్కడిది కాదండీ. తొందరపెట్టింది నేను,” అని ఆయన చెప్పెను. ఆ యువకుడు నేడు ఆ ఊరి కూడలిలో దుకాణము నడుపుచున్నాడు. అతని గోడకు వ్రేలాడు మొదటి పనిముట్టు రెండు తీగలు గల చిన్న బల్బు. బండి వచ్చిన వెంటనే అతడు కత్తెర పట్టడు; ఆ దీపమునే పట్టును. మన గ్రామములలోని ప్రతి మరమ్మతును ఆ దీపముతోనే మొదలు కావలెను.